పీలికలు దాచుకోండి

నేర్చుకుంటున్నారా? పాఠకుల ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు
(జవాబులు: ఐటీఐలో కుట్టుపని నేర్పి రిటైరైన ఇన్‌స్ట్రక్టర్, విద్యానగర్, హైదరాబాద్)

కిందటి సంచికలో ఒకావిడ "ముందు మిషను కొనాలా, క్లాసులో చేరాలా" అని అడిగారు. రెండింటికన్నా ముందు ఒక నోటుపుస్తకం కొనండి, మొదటి రోజు నుంచీ చేసింది చేసినట్టు అందులో రాసుకోండి అన్నాను. ఇక చూడండి, వచ్చిన ఉత్తరాలన్నీ ఆ పుస్తకం గురించే. మిషను సంగతి అడిగినవాళ్లు లేరు. కుట్టు నేర్చుకునేవాళ్లతో పాటు వయొలిన్ వాళ్లూ, కారు వాళ్లూ కూడా రాశారు. సరే, ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మీరన్నట్టే పుస్తకం పెట్టానండీ. మా వీధిలో ఒకావిడ దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకుంటున్నాను. రోజూ రాత్రి వంటిల్లు సర్దుకుని కూర్చుని రాస్తాను. మొన్న మొదటి నుంచీ తిప్పి చదివితే ఒక్క ముక్క పనికొచ్చేది లేదు. "ఈరోజు చంక దగ్గర సరిగా రాలేదు, రేపు జాగ్రత్తగా కుట్టాలి." "ఈరోజు బాగా వచ్చింది." అన్నీ ఇవే. అసలు ఏం రాయాలి?
— ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: "సరిగా రాలేదు" అన్న మాటలో మీ దిగులు తెలుస్తోంది గానీ జాకెట్టుకి ఏమైందో తెలియడం లేదు తల్లీ. ఎటు లాగింది? చెయ్యి పైకెత్తితే లాగిందా, దించి ఉన్నప్పుడే ముడతలు పడ్డాయా? ముందువైపా, వెనకవైపా? రెండు చేతులకీనా, ఒక్కదానికేనా?

ఒక్కదానికే అయితే చాలామటుకు సంగతి అక్కడే దొరికిపోతుంది. చేతి ముక్కకి ముందు వంపు కాస్త లోతుగా తీస్తాం, వెనక వంపు అంత లోతు తియ్యం. కొత్తలో రెండు చేతుల్నీ విడివిడిగా కత్తిరించి, బట్ట మంచివైపు చూసుకోక, రెండూ ఒకే వైపు చేతులు చేసేస్తారు. ఒకటి భేషుగ్గా కూర్చుంటుంది. రెండోదానికి వెనక వంపు ముందుకొచ్చి పడి లాగేస్తుంది. "ఎడమ చెయ్యి ముందువైపు లాగింది, కుడిది బాగుంది" అని ఆ పూట రాసి పెట్టుకుని ఉంటే, మీ టీచరుగారు ఊళ్లో లేకపోయినా మీకు మీరే పట్టేసేవారు.

రాత్రి వంటిల్లు సర్దుకున్నాక రాయడం మానెయ్యండి. అప్పటికి చెయ్యి చేసిన పని మరిచిపోయి ఉంటారు, విసుగొక్కటే మిగిలి ఉంటుంది. మిషను పక్కనే పుస్తకం తెరిచి ఉంచండి, పెన్సిలుకి దారం కట్టి బల్లకి వేలాడదీయండి. దారం తెంపే ముందు రెండు ముక్కలు గీకండి. వాక్యం పూర్తి కాకపోయినా ఫరవాలేదు.

ఇక పేజీ మొదట్లో రాయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏం బట్ట, నానబెట్టారా లేదా, సూది నంబరెంత, దారం ఏది, కుట్టు పొడవు ఎంతకి పెట్టారు. ఇవన్నీ ఎందుకు అనిపిస్తుంది. లైనింగ్ సంగతే తీసుకోండి. నూలు లైనింగ్ నానబెట్టకుండా కత్తిరించి కుట్టారనుకోండి, ఆ రోజు జాకెట్టు అద్దంలో బ్రహ్మాండంగా ఉంటుంది. మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోతుంది, పై బట్ట కుంచించుకోదు, ఎక్కడికక్కడ ముడుచుకుపోతుంది. అప్పటికి మీరు కుట్టి వారాలు గడిచి ఉంటాయి. "లైనింగ్ నానబెట్టలేదు" అన్న ఒక్క మాట పుస్తకంలో లేకపోతే తప్పంతా మీ కుట్టు మీద వేసుకుని కూర్చుంటారు. సూదీ అంతే. మామూలు జాకెట్టు బట్టకి 14, పల్చటి వాటికి 11, మందం బట్టకి 16 వాడతాం. క్రేప్ మీద కుట్లు దాటిపోతున్నాయంటే సూది మొండిదైందా, చదును వైపు సరిగా పెట్టారా, నంబరు పెద్దదా చూసుకోవాలి. నంబరు రాసుకోకపోతే దేన్ని అనుమానించాలో తెలీదు.

కొలతల దగ్గర ఇంకో మాట. 36 అని ఊరికే రాయకండి. ఒంటి మీద టేపు చుట్టి తీసిన 36 వేరు, ఆది జాకెట్టు, అంటే కొలతకి ఇచ్చే పాత జాకెట్టు, పరిచి 18 వస్తే రెట్టింపు చేసి రాసిన 36 వేరు. ఆది జాకెట్టు కొలతలో వదులు అప్పటికే కలిసి ఉంటుంది, ఒంటి కొలతకి మీరు కలపాలి. పక్కన చిన్న "ఒ", "ఆ" అక్షరం పెట్టుకుంటే చాలు. ఇది రాయక పాడుచేసిన పట్టు బట్ట ఎంతమంది పిల్లల చేతుల్లో చూశానో!

అన్నిటికన్నా ముఖ్యం పీలిక. కత్తిరించగా మిగిలిన ముక్క మీద కుట్టి చూస్తారు కదా, దాన్ని పారెయ్యకండి, పుస్తకంలో పెట్టండి. స్టాప్లర్ కొట్టకండి, పిన్ను తుప్పు పట్టి బట్టకి మరక పడుతుంది. గమ్ పెట్టి అతికిస్తే వెనకవైపు కనపడదు. అసలు కథంతా వెనకే ఉంటుంది. సూదీ దారంతో పై అంచు ఒక్కటే కాగితానికి టాకా వెయ్యండి, కేలండర్ కాగితంలా పైకి ఎత్తి చూసుకోవచ్చు.

ఉదాహరణకి కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వచ్చి గూడు కట్టింది. కింద కనపడుతోంది కాబట్టి తప్పు కింది దారం చుట్టే బాబిన్‌దే అనుకుని నూటికి తొంభై మంది బాబిన్ కేసు స్క్రూ మీద పడతారు. నిజానికి కింద ఉచ్చులొస్తే ముందు చూడాల్సింది పైదారం. టెన్షన్ పలకల మధ్యలోకి, అంటే పైదారాన్ని బిగించి పట్టే బిళ్లల మధ్యలోకి, దారం దిగిందా, టెన్షన్ మరీ వదులుగా ఉందా? కింది దారం పైకి చుక్కలు చుక్కలుగా కనపడిందా, అప్పుడు పైదారం బిగువెక్కువైనట్టు, లేదా కింది దారం వదులైనట్టు. కొత్తలో ఇది నోటికి వస్తుంది, చేతికి రాదు. అందుకని ఒక పీలిక కుట్టండి, ఏమొచ్చిందో చూడండి. పైదారం మళ్లీ ఎక్కించి ఇంకో పీలిక. అప్పటికీ పోకపోతే టెన్షన్ ఒక అంకె పెంచి మరో పీలిక. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, ఏది మార్చారో పీలిక పక్కనే రాయండి. రెండు మూడు ఒకేసారి తిప్పేస్తే కుట్టు బాగుపడినా ఎందుకు బాగుపడిందో మీకు తెలీదు, మళ్లీ వారం అదే గూడు మొదలు.

పుస్తకం ఏదైనా ఫరవాలేదు గానీ, పిల్లల సైన్సు రికార్డు ఖాళీది ఇంట్లో ఉంటే దానంత మంచిది లేదు. ఎడమవైపు గీతలు లేని తెల్ల పేజీ పీలికకి, కుడివైపు గీతల పేజీ రాతకి. కోఠీ వైపు వెళ్లినప్పుడు కొనుక్కోవచ్చు.

ప్రశ్న: మా మాస్టరు హిందీ, తెలుగు, ఇంగ్లీషు కలిపి ఏవేవో పేర్లు చెప్తారు. మిషనులో సగం భాగాల పేర్లు నాకు తెలీవు. పేర్లన్నీ నేర్చుకున్నాక రాయడం మొదలుపెడదామనుకుంటున్నాను.
— డిగ్రీ విద్యార్థిని, టోలిచౌకి

జవాబు: అలా అనుకుంటే ఎప్పటికీ మొదలుపెట్టవమ్మా. నువ్వున్న ఊళ్లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. బేగంపేటలో పాత ఎయిర్‌పోర్టు దగ్గర రొనాల్డ్ రాస్ పేరున ఒక పాత భవనం ఉంది, చూశావా? మలేరియా క్రిమిని దోమ కడుపులో ఆయన చూసింది 1897 ఆగస్టు 20న, అక్కడే. అందుకే ఆగస్టు 20ని దోమల దినం అంటారు. ఆ పనికే 1902లో నోబెల్ వచ్చింది.

నాకు నచ్చే సంగతి వేరే. ఆయన డాక్టరే గానీ దోమల శాస్త్రం తెలిసినవాడు కాదు. ఏ దోమ ఏ జాతిదో, దాని లాటిన్ పేరేమిటో తెలీదు. తెలీదని ఆగలేదు. గోధుమరంగు దోమ, చారల దోమ, రెక్కల మీద మచ్చలున్న దోమ, ఇలా కంటికి కనపడిన గుర్తులతోనే పిలుచుకున్నాడు. మొదటి రెండు రకాల్నీ ఏళ్ల తరబడి కోసి చూసినా ఏమీ దొరకలేదు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించుకోమని, కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ మచ్చరెక్కల దోమల్ని కోసి చూస్తే దొరికింది. దాన్నే తర్వాత అనాఫిలిస్ అన్నారు. పేరు తెలియకపోయినా గుర్తు సరిగా పట్టుకున్నాడు కాబట్టి, ఏ దోమలో దొరికింది, ఏ దోమలో దొరకలేదు అన్నది కలగాపులగం కాలేదు.

నువ్వూ అంతే. "ఎడమవైపు పైన ఉన్న స్ప్రింగు చక్రం, అంకెలున్నది" అని రాయి. బొమ్మ గీసి బాణం గుర్తు పెట్టు. పేరు తెలిసిన రోజు పక్కన రాసుకో, పాత మాట కొట్టెయ్యకు. కొన్నాళ్లకి నీ చెల్లెలికి నేర్పాల్సి వస్తే "టెన్షన్" అంటే ఆ పిల్లకి ఏం తెలుస్తుంది? "అంకెలున్న స్ప్రింగు చక్రం" అంటే చప్పున తెలుస్తుంది.

ప్రశ్న: రిటైరైన లెక్చరర్‌ను. ఇప్పుడు ఉర్దూ లిపి నేర్చుకుంటున్నాను. మీరు రఫ్‌గా రాసుకోమంటున్నారు. మా రోజుల్లో రఫ్ రాసి, ఇంటికొచ్చి ఫెయిర్ చేసేవాళ్లం. ఫెయిర్ చెయ్యడంలోనే సగం చదువు వచ్చేది. మీ సలహా పిల్లల్ని సోమరుల్ని చెయ్యదా?
— తార్నాక

జవాబు: మాస్టారూ, మీతో సగం ఏకీభవిస్తాను. విన్నదాన్ని ఫెయిర్ చేస్తే లాభమే. తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే బుక్ బైండింగ్ షాపులో పని నేర్చుకునే కుర్రాడిగా ఉన్నప్పుడు, 1812లో లండన్‌లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రవేత్త ఉపన్యాసాలు నాలుగు విన్నాడు. నోట్సు రాసుకుని, ఇంటికెళ్లి బొమ్మలతో సహా శుభ్రంగా తిరగరాసి, తనే బైండు చేసి డేవీకే పంపాడు. మర్నాటి ఏడాది డేవీ దగ్గర సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. ఉపన్యాసంలో చెప్పిన వరసని మళ్లీ తన మాటల్లో పేర్చుకోవడమే అక్కడ చదువు.

చేతిపనికి వచ్చేసరికి ఫెయిర్ చేసినప్పుడు ఏం జరుగుతుందో ఐటీఐలో ఏళ్ల తరబడి చూశాను. పిల్లలు రికార్డులు తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లు. ఎర్ర ఇంకుతో హెడ్డింగులు, స్కేలుతో గీతలు, ముత్యాల్లాంటి అక్షరాలు. అన్నీ సీనియర్ల రికార్డు చూసి దించినవే. సీనియరు పొరపాటున ఒక కొలత తప్పు రాస్తే ఆ తప్పు బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కి చెక్కుచెదరకుండా వచ్చేది! అలా దించినవాళ్లని వదిలేయండి, తన రఫ్ తనే ఫెయిర్ చేసుకునే బుద్ధిమంతురాలు కూడా మొదట కొట్టేసేది ఊడదీసిన కుట్లనే. "మెడ మూడుసార్లు ఊడదీశాను, మూడోసారి అంచు సాగిపోయింది" అన్న మాట ఫెయిర్ పుస్తకంలోకి రాదు. "మెడ కుట్టి పైపింగ్ వేయవలెను" అని వస్తుంది. మెడ అంచు క్రాస్ మీద, అంటే నేతకి ఏటవాలుగా, ఉంటుంది కాబట్టి ఊడదీసినకొద్దీ సాగుతుందనీ, ముందే ఒక వరస కుట్టు వేసి ఉంచుకోవాలనీ ఆ పిల్లకి తెలిసింది ఆ మూడు ఊడదీతల్లోనే కదా!

మీ ఉర్దూకి రెండూ వర్తిస్తాయి. వ్యాకరణం ఫెయిర్ చెయ్యండి. లిపి మటుకు మొదటి రోజు రాసిన బే, పే, తే అక్షరాల కాగితాన్ని తేదీ వేసి అలాగే ఉంచండి. బే, పే, తే మూడింటికీ ఒంటి ఆకారం ఒకటే, తేడా అంతా చుక్కల్లోనే. బేకి కింద ఒకటి, పేకి కింద మూడు, తేకి పైన రెండు. మీరు చుక్కలెక్కడ తారుమారు చేశారో, మాట మధ్యలో ఏ అక్షరాన్ని కలపడం మరిచారో ఆ వంకర కాగితమే చెప్తుంది. పాతబస్తీలో దుకాణాల బోర్డులు చదివే సరదా ఉంటే, చదవలేకపోయిన బోర్డుని చూసింది చూసినట్టు గీసుకురండి. చదవగలిగినవాటితో నాకు పెద్ద పని లేదు, మీకూ లేదు.

ప్రశ్న: వయొలిన్ నేర్చుకుంటున్నాను. రోజూ ఒక రీల్ పెడదామని ఉంది. అదే నా డైరీ అవుతుంది కదా మేడం?
— ఇంజనీరింగ్ కుర్రాడు, కూకట్‌పల్లి

జవాబు: నాకు వయొలిన్ రాదు బాబూ. మా చెల్లెలు చిక్కడపల్లిలో పిల్లలకి నేర్పుతుంది, ఆవిణ్ణి అడిగే రాస్తున్నాను. రికార్డు చేసుకో, తప్పకుండా చేసుకో, వాయించేటప్పుడు వినపడని అపశ్రుతి విన్నప్పుడు వినపడుతుంది. అయితే లోకానికి చూపించేది అనగానే ఎవరైనా వచ్చిందే వాయిస్తారు. రానిది ఎవరూ పెట్టరు. ఏడాది తర్వాత చూసుకుంటే అన్నీ బాగా వచ్చిన రోజులే ఉంటాయి.

ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. వారానికొకసారి, ఒకే రోజు, ఒకే సరళీ స్వరం మూడు కాలాల్లోనూ ఆపకుండా వాయించి రికార్డు చెయ్యి. తప్పు వచ్చినా ఆపకు. తంబూరా శ్రుతి కూడా రికార్డులో పడేలా ఫోను కాస్త దూరంగా పెట్టు, లేకపోతే శ్రుతి తప్పావో లేదో పోల్చుకోవడానికి ఆధారం ఉండదు. వినేటప్పుడు పుస్తకంలో స్వరాలు రాసుకుని, జారిన స్వరం కింద గీత పెట్టు. మూడో కాలంలో ఎప్పుడూ అవరోహణలోనే జారుతోందంటే కారణం వేలా, కమానా అని గురువుగారిని అడగడానికి నీ దగ్గర ఒక ప్రశ్న తయారైనట్టు. ఊరికే "సార్, రావట్లేదు" అంటే ఆయన "సాధన చెయ్యి" అంటారు, అంతకన్నా ఏమంటారు?

రీల్సంటావా, పెట్టుకో. ఈ రికార్డింగులు మాత్రం నీ దగ్గరే ఉంచుకో.

ప్రశ్న: ఈ వయసులో కారు నేర్చుకుంటున్నాను. నోట్సు రాస్తుంటే మా ఆయన నవ్వుతున్నారు, డ్రైవింగ్‌కి నోట్సేమిటని.
— ఎల్.బి.నగర్

జవాబు: నవ్వనివ్వండి. లర్నర్ లైసెన్సు ఆరు నెలలే ఉంటుంది, వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్టుకి వెళ్లగలరు, ఈలోగా ఏ క్లాసులో ఏం తేలిందో తెలియాలి కదా. డ్రైవింగ్ స్కూలు వాళ్లు రోజుకొకరిని పంపుతారు, నిన్నటి ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది ఇవాళ్టి ఆయనకి తెలీదు. కారు దిగి, ఇంట్లోకి వెళ్లే ముందు ఒక్క సంఘటన రాయండి. "మాసాబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ట్రాఫిక్‌లో ఆగాం. కదిలేటప్పుడు బండి వెనక్కి జారింది. క్లచ్ పూర్తిగా తొక్కే ఉంచాను." ఈ మాట చదివితే రేపటి ఆయన హ్యాండ్ బ్రేక్ వేసి హాఫ్ క్లచ్ మీద ఎలా లేపాలో నేరుగా అదే చేయిస్తాడు. బండి నడుస్తున్నంతసేపూ మాత్రం పుస్తకం సంచీలోనే ఉండాలి.

ప్రశ్న: ఫోన్లో ఫోటోలు తీసుకుంటే పోదా? ఇంకా పుస్తకం, పెన్సిలు ఏమిటండీ!
— మియాపూర్

జవాబు: ఫోటో మంచిదే. కుట్టు ఊడదీసే ముందు ఒకటి తియ్యండి, ఊడదీశాక ఎలాగూ కనపడదు. తీసేటప్పుడు టేపు పక్కన పరిచి తియ్యండి, ముడత ఎంత మేర ఉందో తెలుస్తుంది. ఇబ్బందల్లా ఆ ఫోటో పెళ్లి ఫోటోల మధ్య, గుడ్ మార్నింగ్ మెసేజీల మధ్య కూరుకుపోతుంది, వెతికి తీసే ఓపిక ఉండదు. పైగా టెన్షన్ ఎంతలో పెట్టారో ఫోటోలో పడదు. ఫోనే ఇష్టమైతే, పీలిక మీదే బాల్‌పెన్నుతో తేదీ, సూది నంబరు, టెన్షన్ అంకె రాసి ఫోటో తియ్యండి. అన్నీ ఒక ఆల్బంలో వెయ్యండి. నాకేం అభ్యంతరం లేదు.

ప్రశ్న: ఇలా ఎన్నాళ్లు రాయాలి? ఇప్పుడిప్పుడే నాకు చేతిలోకి వస్తోంది, రాయబోతే ఏమీ తట్టడం లేదు.
— రామంతాపూర్

జవాబు: తట్టకపోతే మానెయ్యండి. చెయ్యి తిరిగాక ఎలా కుడుతున్నామో మనకే తెలీదు. నన్ను ఎవరైనా చేతి ముక్క ఎలా ఎక్కిస్తారని అడిగితే మిషను దగ్గర కూర్చుని చేసి చూపిస్తాను తప్ప చెప్పలేను. అందుకే తెలీని రోజుల్లో రాయమని మొత్తుకునేది. ఆ రాతలు మీరున్నంతకాలం ఉంటాయి. ఎవరికైనా నేర్పేటప్పుడు వాళ్లకెక్కడ అడ్డుపడుతుందో మీకు గుర్తుచేసేది అవే. కొత్త రకం ఏదైనా మొదలుపెట్టినప్పుడు, ఉదాహరణకి గిన్నె ఆకారపు ముక్కలతో కుట్టే కటోరీ జాకెట్టు, ఆ పుస్తకం మళ్లీ తియ్యండి.

ఈలోగా వేరే పుస్తకం ఒకటి పెట్టండి, కొలతలకి. చేతిలోకి వస్తోందంటున్నారు కాబట్టి వీధిలో వాళ్లు బట్టలు తెచ్చిచ్చే రోజు దగ్గర్లోనే ఉంది. పేరు, కొలతలు, అది ఒంటి కొలతో ఆది కొలతో, బట్ట ఎన్ని మీటర్లు ఇచ్చారు, లైనింగ్ వాళ్లదా మీదా, ఇవ్వాల్సిన తేదీ, అడ్వాన్సు. ఇచ్చిన బట్టలోంచి ఒక చిన్న ముక్క కత్తిరించి ఆ వరుసకి టాకా వెయ్యండి. ఒకే రంగు జాకెట్లు నాలుగిళ్ల నుంచి వచ్చినప్పుడు పనికొస్తుంది. శ్రావణమాసం, దసరా ముందు తేదీలైతే మీకు వీలయ్యే రోజుకన్నా రెండు రోజులు తర్వాత తేదీ చెప్పండి.